రంగుల గడప – కమలాదేవి ఛటోపాధ్యాయ

ఉప్పు సత్యాగ్రహం పాఠం చదువుకున్న విద్యార్థులకు కమలాదేవి ఛటోపాధ్యాయ పేరు కొత్తది కాదు. 1930లో బొంబాయి వీధుల్లో ఉప్పు పొట్లాలు అమ్మి జైలుకు పోయిన వీరవనితగా ఆమెను పోటీ పరీక్షల పుస్తకాలు ఒక్క వాక్యంలో పరిచయం చేసి వదిలేస్తాయి. ఆ వాక్యం తప్పు కాదు, కానీ అది ఆమె జీవితంలో ఒక అధ్యాయం మాత్రమే. మన ఇళ్లలో కలంకారీ కర్టెన్ వేలాడుతున్నా, కొండపల్లి బొమ్మ టీవీ పక్కన నిలబడినా, మన నిమ్మలకుంట తోలుబొమ్మ ఏ బెంగుళూరు ఇంట్లోనో దీపం చుట్టూ వెలుగుతున్నా, దాని వెనుక ఆమె ముప్పై నలభై ఏళ్ల చాకిరీ ఉంది. ఈ వ్యాసం ఆ రెండో కమలాదేవిని గురించి.

ముందుగా మన గోడల సంగతి చెప్పుకోవాలి. మా నంబులపూలకుంట వైపు పల్లెల్లో పండగ వస్తోందంటే ఇంటికి సున్నం కొట్టేవాళ్లు. ఆ సున్నంలో చిటికెడు నీలిమందు. గోడ అడుగున మూరెడు ఎత్తున ఎర్రమన్ను పట్టె. గడపకు పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, వాకిట్లో పేడనీళ్ల కళ్లాపి, దాని మీద తెల్లటి ముగ్గు. వానలు తక్కువ, చెట్లు తక్కువ, ఎటు చూసినా శెనక్కాయ చేలూ రాళ్లూ కనిపించే సీమలో, ఇల్లు మాత్రం రంగు లేకుండా ఉండేది కాదు. అదే ఇంటి పిల్లవాడు చదువుకుని ఉద్యోగం వచ్చి టౌనులో ఇల్లు కట్టుకుంటే గోడలకు క్రీము రంగు, కిటికీలకు బిస్కట్ రంగు, సోఫాకు సిమెంటు రంగు. అదేమంటే డీసెంటుగా ఉంటుందంటాడు. రంగు అంటే పల్లెటూరితనమనీ, రంగు లేకపోవడమే నాగరికత అనీ మనకు ఎవరు నేర్పారో గాని గట్టిగానే నేర్పారు. డాక్ బంగళాలు, కచేరీలు, ఆసుపత్రులు, హాస్టళ్లు చూసి చూసి మన కంటికి అదే పెద్దరికంగా తోచింది కాబోలు. కమలాదేవి పోరాడిన అనేక విషయాల్లో, ఎవరూ పోరాటమని గుర్తించనిది ఇదొకటి.

ఆమె 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో పుట్టింది. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ జిల్లా కలెక్టరు హోదాలో ఉన్న పెద్ద ఉద్యోగి. తల్లి గిరిజాబాయి చదువు మీద, దేశం మీద అభిమానం గల మనిషి. కమలాదేవికి ఏడేళ్ల వయసులో తండ్రి కన్నుమూశాడు. వీలునామా రాయలేదు. అప్పటి చట్టం ప్రకారం ఆస్తి మొత్తం ఆయన మొదటి భార్య కొడుకుకు పోయింది. భార్యకూ కూతురికీ దక్కింది భరణం మాత్రమే. గిరిజాబాయి దాన్ని తీసుకోకుండా, పుట్టింటివాళ్లు తనకిచ్చిన సొత్తుతోనే బిడ్డను పెంచింది. ఇల్లు అనేది ఒక కాగితం లేకపోతే ఒక్క రోజులో మనది కాకుండా పోతుందని కమలాదేవి ఏడేళ్లకే చూసింది. తర్వాత ఆమె స్త్రీల ఆస్తి హక్కు గురించి అంత పట్టుగా మాట్లాడడానికి పుస్తకాల్లో కారణం వెతకనక్కరలేదు.

పద్నాలుగో ఏట, 1917లో పెళ్లి. రెండేళ్లు తిరక్కముందే వైధవ్యం. ఆ రోజుల్లో వితంతువు అంటే ఏమిటో మన అవ్వలను అడిగితే చెబుతారు. బొట్టు లేదు, పువ్వు లేదు, గాజు లేదు, రంగు చీర లేదు. మనిషి బతికే ఉంటుంది గాని ఆమె నుంచి రంగు మొత్తం తీసేస్తారు. గిరిజాబాయి తన బిడ్డకు ఆ పని జరగనివ్వలేదు. అమ్మాయి చదువు ఆగలేదు. మద్రాసు వచ్చి క్వీన్ మేరీస్ కాలేజీలో చేరింది. తర్వాతి కాలపు ఫోటోల్లో కమలాదేవిని చూసినవాళ్లకు ముందుగా కనిపించేది ముదురు అంచు చేనేత చీర, పెద్ద కుంకుమ బొట్టు, తలలో పువ్వులు, చేతులకు పల్లెవాళ్లు పెట్టుకునే బరువైన వెండి. దాన్ని ఆడవాళ్ల సింగారమని దాటేయడం సులభం. పదహారేళ్ల వయసులో లోకం తన దగ్గర లాక్కోవాలని చూసిన రంగును ఆమె ఎనభై ఐదేళ్లు వచ్చేదాకా విడవలేదు అని చెబితే సంగతి సరిగ్గా ఉంటుంది.

మద్రాసులో ఆమెకు పరిచయమైనవాడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ. మన హైదరాబాదు కుర్రవాడే. నిజాం కాలేజీకి ఆద్యుడైన అఘోరనాథ్ కొడుకు, సరోజినీ నాయుడు తమ్ముడు, కవి, నటుడు. 1972 నాటి బావర్చి సినిమాలో కోపిష్ఠి తాతగారి వేషం వేసింది ఈయనే. వితంతువు మళ్లీ పెళ్లాడడం, అదీ వేరే కులంలో, వేరే భాషవాళ్లలో. బంధువులు గగ్గోలు పెట్టారు. ఇద్దరూ కలిసి నాటకాలు వేశారు, ఊళ్లు తిరిగారు, లండను వెళ్లారు. మంచి ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కితే తలెత్తుకోలేమనుకునే కాలంలో ఆమె ఎక్కింది. 1931 నాటి కన్నడ మూకీ చిత్రం మృచ్ఛకటికలో నటించింది, 1943లో హిందీ తాన్‌సేన్‌లో కనిపించింది. కాపురం మాత్రం నిలవలేదు. ఒక కొడుకు పుట్టాక ఇద్దరూ విడిపోయారు. ఆ రోజుల్లో అది కూడా కొత్త సంగతే.

రాజకీయాల కథ మీకు తెలిసిందే కనుక త్వరగా దాటుతాను. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి కొద్ది ఓట్లలో ఓడిపోయింది. 1927లో పుట్టిన అఖిల భారత మహిళా సభలో మొదటి నుంచీ పనిచేసింది. ఉప్పు సత్యాగ్రహంలో ఆడవాళ్లు వద్దని గాంధీగారు మొదట అనుకుంటే, వెళ్లి ఒప్పించినవాళ్లలో ఈమె ఒకరు. సోషలిస్టుల్లో ముఖ్యురాలైంది, పలుమార్లు జైలుకు వెళ్లింది. స్వరాజ్యం వచ్చింది. తోటివాళ్లు మంత్రులయ్యారు, గవర్నర్లయ్యారు. ఆమె ఆ వరసలో నిలబడలేదు.

1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టి, దేశవిభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లను ఫరీదాబాదులో నిలబెట్టే పనిలో దిగింది. గుడారాల్లో ఉన్నవాళ్లకు దానం కాదు, చేతికి పని కావాలన్నది ఆమె పట్టుదల. ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణ 1952లో ఈ సహకార సంఘం చేతికి వచ్చింది. అదే సంవత్సరం అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడితే ఆమె దానికి అధ్యక్షురాలైంది. ఒక చేత కొట్టు, ఒక చేత బోర్డు. కళాకారుడి వాకిలి నుంచి కొనుగోలుదారుడి గోడ దాకా ఉన్న దారి మొత్తం ఆమె చూపు కిందికి వచ్చింది.

ఆ దారి ఎంత పాడై ఉందో అర్థం కావాలంటే మన తెలుగు కోస్తా కథ కొంచెం తెలియాలి. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీవాళ్లు 1611లో వర్తక స్థావరం పెట్టింది మన రంగుబట్టల కోసమే. ఇక్కడి చెట్టు బొమ్మల దుప్పట్లు, తెరలు, గోడగుడ్డలు లండను, పారిస్, ఆంస్టర్‌డాం ఇళ్లలో మంచాల మీదా గోడల మీదా పరుచుకున్నాయి. నూలుబట్ట మీద ఉతికినా పోని రంగు బొమ్మలు వెయ్యడం అక్కడివాళ్లకు అప్పటిదాకా తెలియదు. జనం ఎంతగా ఎగబడ్డారంటే తమ నేతగాళ్లు వీధిన పడతారని భయపడి ఫ్రాన్సు 1686లోనే ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో చట్టం చేసింది, అది చాలక 1721లో ఇంకోటి చేసింది. మన రంగుల్ని చట్టం పెట్టి ఆపవలసి వచ్చిన దేశం నుంచే, రంగు మోటుతనమన్న పాఠం మనకు దిగుమతి కావడం విచిత్రం.

చట్టాలు చెయ్యలేని పని ఆ తర్వాత రసాయన శాస్త్రం చేసింది. మన చిరువేరు ఇచ్చే ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1869 ప్రాంతంలో ఐరోపాలో ఫ్యాక్టరీ సరుకుగా తయారుచెయ్యడం నేర్చారు. 1897 నుంచి జర్మనీలో చేసిన నీలి బజారులోకి వచ్చింది. చిరువేరు తవ్వేవాడికి పని పోయింది, నీలి తొట్లు ఎండిపోయాయి. మిల్లు అచ్చుబట్ట గజం అణాల్లో దొరుకుతుంటే నెలల తరబడి చేతితో రాసిన గుడ్డ ఎవరు కొంటారు? శ్రీకాళహస్తిలో గుడులకు, రథాలకు రామాయణ భారత కథల గుడ్డలు రాసే కుటుంబాలు ఉండేవి. 1950ల నాటికి ఆ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. పెద్దవాళ్లు పోతే పనీ పోతుంది, అంతే.

కమలాదేవి కాళహస్తి మీద దృష్టి పెట్టింది అప్పుడే. ఆమె ప్రోత్సాహంతో 1957లో అక్కడ కలంకారీ శిక్షణ కేంద్రం వచ్చింది. మిగిలిన ఆ కొద్దిమందిలో ఒకరైన జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా కూర్చున్నారు. తండ్రి దగ్గర నుంచి కొడుక్కు మాత్రమే పోయే విద్య మొట్టమొదటిసారి, నేర్చుకుంటామని వచ్చిన బయటి పిల్లలకు తెరుచుకుంది. లక్ష్మయ్యగారి కుమారుడు గురప్ప చెట్టి తర్వాత ఆ విద్యకు పెద్దదిక్కై 2008లో పద్మశ్రీ అందుకున్నారు.

ఆ విద్య ఏమిటో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే రంగుల ఇల్లు అన్న మాటకు అసలు అర్థం అందులో ఉంది. ముతక నూలుగుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలల్లో ఉండే కొవ్వు వల్ల రాసిన గీత పాకిపోకుండా నిలుస్తుంది. చింతకట్టె బొగ్గుతో బొమ్మ గీస్తారు. కలం అంటే వెదురుపుల్ల, దానికి చుట్టిన గుడ్డపీలిక, దారం. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసిమి ఆ కరక్కాయ గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు రాస్తారు, అప్పుడు చూస్తే అక్కడ రంగేమీ కనిపించదు. వేళ్లూ చెక్కా వేసి మరగబెట్టిన నీళ్లలో గుడ్డ ముంచాక పటిక తగిలిన చోటు మాత్రమే ఎర్రగా లేచి వస్తుంది. తర్వాత పసుపు, నీలి. నడుమ నడుమ స్వర్ణముఖి ఏట్లో పారే నీళ్లలో జాడింపు. నీళ్లు పారకపోతే వదిలిన రంగు పక్కకు అంటుకుని గుడ్డ పాడవుతుంది. మన కెమిస్ట్రీ లాబులో మోర్డెంట్ అని చదువుకునేది ఈ పటిక పనినే. ఈ రంగులు ఒకదాన్నొకటి కొట్టుకోవు. ఎరుపు, పసుపు, నలుపు, నీలం అన్నీ ఒకే గుడ్డ మీద ఉన్నా కంటికి అరిచినట్టుండదు. రంగులంటే భయపడేవాళ్లు ఎక్కువగా భయపడేది మిల్లురంగుల అరుపుకు. చెట్ల రంగుల మాట వేరు.

అయితే గుడి కోసం రాసిన ఇరవై అడుగుల రామాయణం ఢిల్లీ గుమాస్తా ఇంట్లో ఎక్కడ పెడతాడు? ఇక్కడే బోర్డూ, ఎంపోరియమూ చేసిన పని కనిపిస్తుంది. అదే చెయ్యి, అదే రంగు, కొలత మారింది. కర్టెనుకు సరిపడా, దిండుగలీబుకు సరిపడా, టేబులు గుడ్డకు సరిపడా. ఒరిస్సా పటం, రాజస్థాన్ నీలికుండ, మన కొండపల్లి, నిర్మల్ – అన్నీ మధ్యతరగతివాడి ముందుగదిలోకి నడిచి వచ్చాయి. 1965 నుంచి మంచి పనివాళ్లకు జాతీయ పురస్కారాలు ఇవ్వడం మొదలైంది. పేరులేని పనివాడికి పేరు వచ్చింది.

దీనికి విమర్శ లేకపోలేదు. ఎంపోరియం సరుకు కొనేది డబ్బున్నవాళ్లూ దొరలూ కదా, పల్లె రంగు పట్నం షోకు అయిపోయింది కదా అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. అందులో నిజముంది. చేసిన పనివాడి ఇంట్లో మాత్రం ప్లాస్టిక్ పూలూ, క్యాలెండరు దేవుళ్లూ కనిపించడం మనం చూస్తూనే ఉన్నాం. కానీ కొనేవాడే లేకుంటే విద్య మిగిలేదా అన్న ప్రశ్నకు ఆ విమర్శకుల దగ్గర జవాబు నాకు దొరకలేదు.

ఈ చిక్కును మన ఇంటి దగ్గరే చూడొచ్చు. నంబులపూలకుంట నుంచి కదిరి, ముదిగుబ్బ మీదుగా ధర్మవరం వైపు పోతే ఆ మండలంలోనే నిమ్మలకుంట. ఇళ్లలో మరాఠీ మాట్లాడుకుంటూ, ఆటలో తెలుగు రామాయణం పాడే తోలుబొమ్మలాట కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మేక తోలును శుభ్రం చేసి, గీకి, అద్దంలా వెలుగు పారేటట్టు పలుచన చేస్తారు. నగల చోట, చీర అంచుల చోట సన్నని చిల్లులు కొడతారు. రెండు వైపులా రంగు వేస్తారు. తెర వెనుక దీపం పెడితే ఆ రంగు తెర మీదికి వస్తుంది. మామూలు నీడ నల్లగా ఉంటుంది, వీళ్ల నీడకు మాత్రం రంగు ఉంటుంది. ఒకప్పుడు వానలు రాకపోతే ఊరివాళ్లు పిలిపించి రాత్రుళ్లు ఆడించేవారు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, పిలిచేవాళ్లు తగ్గారు. హస్తకళల బోర్డు వేసిన శిక్షణ, ప్రదర్శన, పురస్కారం, ఎంపోరియం అనే దారి వెంబడే ఈ తోలు కూడా నడిచింది. బొమ్మలు చేసిన చేతులే దీపపు గుబురులు చెయ్యడం మొదలుపెట్టాయి. గుండ్రటివి, నిలువుటివి, వాటి మీద నెమళ్లు, తీగలు, దశావతారాలు. 2008లో ఆంధ్ర తోలుబొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ ప్రకటించారు.

దీన్ని చూసి సంతోషించాలా, బాధపడాలా? కమలాదేవి నాటకం మనిషి. భారతీయ నాట్య సంఘ్ పెట్టి దేశంలోని నాటక రీతులన్నీ బతకాలని తిరిగినామె. రావణుడు దీపం చుట్టూ గిర్రున నిలబడి పలక్కుండా ఉంటే ఆమెకు సగం ప్రాణమే లేచివచ్చేదని నా ఊహ. పాట, హాస్యం, బంగారక్క, కేతిగాడు, ఆ తెల్లవార్లు సాగే ఆట – ఇవి దీపపు గుబురులో పట్టవు. అయినా తోలు చెక్కే చెయ్యి మిగిలింది. చెయ్యి మిగిలితే ఆట ఎప్పుడైనా తిరిగి రావచ్చు, చెయ్యే పోతే మ్యూజియంలో చూసుకోవడమే.

ఇంకో మాట. రంగు అంటే గోడలన్నీ ఎర్రగా పూయమని ఆమె మార్గం చెప్పదు. లేపాక్షి వెళ్లినవాళ్లు వీరభద్రాలయం పైకప్పు చూసే ఉంటారు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ విరూపణ్ణ కట్టించిన ఆ మండపంలో గచ్చు మీద కావి, పసుపు, నలుపు, ఆకుపచ్చ పరుచుకుని ఉన్నాయి. ఆ అంచులే, ఆ చీరల గళ్లే ఈరోజు బట్టల మీదికి, చీరల మీదికి లేపాక్షి డిజైన్ పేరుతో దిగాయి. మన రాష్ట్ర హస్తకళల దుకాణాలకు కూడా ఆ ఊరి పేరే పెట్టారు. ఆ చిత్రకారులు ముందు సున్నంతో నేల సిద్ధం చేసుకుని, తర్వాత రంగు వేశారు. కాళహస్తివాళ్లకు కూడా ముందు కావలసింది ఖాళీ గుడ్డే. మనం ఇల్లు కట్టుకుని, సున్నం దగ్గరే ఆగిపోయి, దాన్నే పూర్తయిన బొమ్మ అనుకుంటున్నాం. అద్దె గదిలో ఉండే విద్యార్థి గోడ రంగు మార్చలేడు, ఒప్పుకుంటాను. ఒక దుప్పటి మార్చగలడు. ధర్మవరం చేనేత గుడ్డ ముక్కొకటి కిటికీకి కట్టగలడు. ఇంటికి పోయినప్పుడు అమ్మ ఎర్రమన్ను పట్టె తీస్తుంటే, ఇదేం మోటు పని అనకుండా చీపురుపుల్ల అందుకోగలడు.

బిరుదులు ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి. 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసేసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్. 1964లో ప్రపంచ హస్తకళల మండలి ఏర్పడినప్పుడు దాని స్థాపకుల్లో ఆమె ఒకరు. ముసలితనంలో కూడా రైలెక్కి ఊళ్లు తిరిగింది. చేతిపనుల మీద, కుట్టుపనుల మీద పుస్తకాలు రాసింది. 1988 అక్టోబరు 29న బొంబాయిలో కన్నుమూసింది.

ఆమె పోయాక మన వైపు చాలా మారాయి. నంబులపూలకుంటలో 2016 నుంచి సౌర విద్యుత్తు పలకలు వేల ఎకరాల ఎర్రనేలను నల్లనీలంగా కప్పేశాయి. మాను మాత్రం అలాగే ఉంది, తిమ్మమ్మ మర్రిమాను, అయిదెకరాల దాకా పరుచుకుని. 2022లో జిల్లా విడిపోయి మన వైపు కొత్త శ్రీ సత్యసాయి జిల్లా అయింది. కొత్త ఇళ్లకు కొత్త పెయింట్లు వస్తున్నాయి, డబ్బా మీద వేల రంగుల పట్టిక ఉంటుంది, చివరికి అందరూ క్రీమే కొంటారు. నిమ్మలకుంటలో ఇప్పటికీ వాకిళ్లలో తోళ్లు బిగించి ఆరబెడుతూంటారు. ధర్మవరం స్టేషన్లో దిగి ఎవరిని అడిగినా దారి చెబుతారు. ఎవరైనా పిలిపిస్తే, ఆ దీపపు గుబురులు చేసే మనుషులే తెర కట్టి, రాత్రికి ఆట ఆడి చూపిస్తారు.